తొలి కచేరి - చిన్న వేదిక

ప్రతి కళాకారునకును రెండు జన్మములు గలవు. గురువు సన్నిధిని గాని, ఇంటి గదిలో గాని స్వరము పట్టువడిన దినము మొదటిది. ముఖపరిచయము లేని పదిమంది యెదుట ఆ స్వరమును నిలిపిన దినము రెండవది. మొదటి జన్మమునకు సాధన చాలును. రెండవదానికి స్థలము వలయును. సంగీతమును గూర్చి వ్రాయువారు సాధనను వేనోళ్ల గొనియాడుదురు గాని, స్థలమును గూర్చి తలచుట అరుదు. ప్రతిభ యున్నచో స్థలము దానంతట అదియే దొరకునన్న నమ్మిక యొకటి లోకమున వ్యాపించి యున్నది. అది వట్టి భ్రమ యని తెలిసికొనుటకు రాక్ సంగీతపు చరిత్ర మంచి పాఠము. ఆ సంగీతమున పేరుపొందిన బృందములు మహాసభలలో పుట్టలేదు. పేటలోని చిన్న క్లబ్బులో, ఎవరును లెక్కపెట్టని యొక రాత్రి పుట్టినవి.

“అరంగేట్రము” అను మాట తమిళమునుండి వచ్చి తెలుగున స్థిరపడినది. రంగస్థలమును ఎక్కుట అని దాని భావము. శాస్త్రీయ నృత్య సంగీతములలో ఈ ఎక్కుట కొక మర్యాద కలదు. తగునని గురువు చెప్పిననే శిష్యుడు రంగమెక్కును. సభలో తప్పు దొరలినను గురువు పేరు కొంత కాపుగా నిలుచును. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేండ్ల ప్రాయమున విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున కచేరి చేసిననాడు, వెనుక పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వంటి గురువు గలడు. ఎదుట ఆ సంగీతపు వ్యాకరణమెరిగిన శ్రోతలు గలరు. రాక్ బృందమునకు ఈ రెండును లేవు. నలుగురైదుగురు యువకులు రికార్డులు విని, ఒకరినుండి ఒకరు నేర్చి, గిటార్లును డ్రమ్ములును సమకూర్చుకొని బృందమగుదురు. వారికి యోగ్యతాపత్రము నిచ్చు గురువు లేడు. మొదటి రాత్రి క్లబ్బులో ఎదుట నిలిచిన యాభైమందియే వారికి పరీక్షకులు, వారే గురువులు. కనుక చిన్న క్లబ్బు రాక్ సంగీతమునకు గురుకులమనుట అతిశయోక్తి గాదు. గురుకులములను మూతపడనిచ్చి విద్వాంసుల కొరకు ఎదురుచూచుట ఏ సంఘమునకును తగదు.

తెలుగు పాఠకునకు క్లబ్బనగానే పేకాట బల్లలు, టెన్నిసు ఆట, ఊరి పెద్దల సాయంకాల కాలక్షేపము స్ఫురించును. ఇచ్చట ప్రస్తావించునది ఆ క్లబ్బు గాదు. ఇంగ్లండు, అమెరికాలలో సంగీతపు క్లబ్బనగా తరచుగా నొక నేలమాళిగ, లేదా పానశాల వెనుక గది. నూటయాభైమంది చేరినచో క్రిక్కిరిసిపోవును. మోకాలి యెత్తు వేదిక, తలుపువద్ద టిక్కెట్టు, రాత్రికి రెండు మూడు బృందములు. పేరున్న బృందము చివర వాయించును. పేరులేనిది మొదటనో, విరామసమయముననో, శ్రోతలు తమలో తాము మాటలాడుకొనుచుండగా వాయించును. అట్టి అనాదరపు ఘడియలోనే తొలి కచేరి జరుగుట పరిపాటి.

రోలింగ్ స్టోన్స్ అను బృందము తొలి కచేరి ఇందుకు చక్కని నిదర్శనము. అరువదియేండ్లు దాటిన పిమ్మట, 2023లో సైతము క్రొత్త పాటల ఆల్బము వెలువరించిన బృందమది. దాని పుట్టుక మాత్రము మిక్కిలి సాధారణమైనది. 1961 అక్టోబరులో డార్ట్‌ఫర్డ్ రైలు స్టేషనులో, చిన్ననాట ఒకే బడిలో చదివిన మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ అను యువకులు మరల కలిసికొనిరి. జాగర్ లండనులో అర్థశాస్త్రమునకు ప్రసిద్ధమైన కళాశాల విద్యార్థి. రిచర్డ్స్ చిత్రకళాశాల విద్యార్థి. జాగర్ చేతిలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ అను అమెరికా నల్లజాతి గాయకుల రికార్డులుండెను. ఆ రికార్డులు వారి స్నేహమును మరల అతికించెను. అయినను రికార్డులు విన్నంత మాత్రమున బృందము కాదు. వినినదానిని పరుల యెదుట పలికించుటకొక చోటు వలసియుండెను.

ఆ చోటు పశ్చిమ లండనులోని ఈలింగ్‌లో దొరకెను. 1962 మార్చి 17న అలెక్సిస్ కార్నర్, సిరిల్ డేవిస్ అను ఇరువురు సంగీతజ్ఞులు రైలు స్టేషను కెదుట నున్న యొక నేలమాళిగలో బ్లూస్ సంగీతపు రాత్రులను ఆరంభించిరి. జనము నిండినప్పుడు కప్పునుండి చెమ్మ బొట్లు బొట్లుగా కారెడిది. వాద్యములపై పడకుండుటకై వేదికకు పైన గుడ్డ కట్టెడివారు. ఆ చెమ్మగదిలో కార్నర్ పాటించిన యొక పద్ధతి స్మరణీయము. శ్రోతలలో వాయించగల యువకుడున్నచో అతనిని వేదికపైకి పిలిచి ఒకటి రెండు పాటలకు అవకాశమిచ్చెడివాడు. జాగర్, రిచర్డ్స్ ఇద్దరును బ్రయాన్ జోన్స్‌ను మొదటిసారి గిటారుతో చూచినది అచ్చటనే. జాగర్ కార్నర్ బృందముతో కలిసి పాడుటకు అలవాటుపడినదియు అచ్చటనే. నేలమాళిగ లేనిచో ముగ్గురును మూడు వేర్వేరు గదులలో రికార్డులు వినుచునే యుండెడివారేమో.

నాలుగు నెలలు గడచెను. ఆక్స్‌ఫర్డ్ వీథిలోని మార్కీ క్లబ్బులో ప్రతి గురువారమును కార్నర్ బృందము వాయించెడిది. అది 1958లో జాజ్ సంగీతము కొరకు వెలసిన క్లబ్బు. 1962 జులై 12న, గురువారము నాడే, ఆ బృందమునకు బి.బి.సి. రేడియోనుండి పిలుపు వచ్చెను. రేడియోవారు ఆరుగురు సంగీతకారులకే పారితోషికమిత్తుమనగా గాయకుడైన జాగర్ మిగిలిపోయెను. క్లబ్బులో ఆ రాత్రి ఖాళీ యేర్పడెను. ఆ ఖాళీలో జాగర్, రిచర్డ్స్, జోన్స్, పియానో వాయించు ఇయాన్ స్టూవర్ట్, బేస్ గిటారు వాయించు డిక్ టేలర్ ఒక బృందముగా మొదటిసారి వేదిక నెక్కిరి. పత్రికలో ప్రకటనకై పేరు కావలసివచ్చినప్పుడు, మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాట పేరునుండి తమ పేరు తీసికొనిరి. ఇంత ప్రసిద్ధికెక్కిన బృందము తొలి రాత్రికి కారణము రేడియోవారి పొదుపు! చిన్న వేదిక అక్కడ ముందే యుండుటచేతనే ఆ యాదృచ్ఛికము ఫలించినది. వేదిక లేనిచోట యాదృచ్ఛికమునకు సైతము నిలువ నీడ యుండదు.

ఆ రాత్రి వారు తమ సొంత పాట యొక్కటియు పాడలేదు. చక్ బెర్రీ, జిమ్మీ రీడ్, ఎల్మోర్ జేమ్స్ వంటి అమెరికా వారి పాటలను పాడిరి. అంతకంటె విశేషము మరియొకటి కలదు. ప్రదర్శనకు ముందు “జాజ్ న్యూస్” పత్రికతో మాటలాడుచు, తమది రాక్ అండ్ రోల్ బృందమని జనము అనుకొనకుండుగాక యని జాగర్ చెప్పెను! జాజ్ శ్రోతలు రాక్ సంగీతమును చులకనగా చూచు కాలమది. రాక్ సంగీతమునకు పర్యాయపదము కానున్న బృందము, తొలి రాత్రి ఆ పేరునకే జంకినది. తామెవరో వారికే ఇంకను తెలియదు. తెలియకపోవుటకు తగిన వయస్సు వారిది, తగిన చోటు అది.

ఆ రాత్రి డ్రమ్ములు వాయించినదెవరన్న విషయమున పాల్గొన్నవారి జ్ఞాపకములే పొసగవు. కొందరు మిక్ ఏవరీ యనిరి. ఆయనయే తాను కాదనెను. మరికొందరు టోనీ చాప్‌మన్ అందురు. లోకము తరువాత చూచిన బేస్ గిటారు వాద్యకుడు బిల్ వైమన్ 1962 డిసెంబరులో గాని, డ్రమ్ముల చార్లీ వాట్స్ 1963 జనవరిలో గాని చేరలేదు. అనగా ఆ రాత్రి వేదికపై నున్నది పూర్తికాని బృందము. ఈ మరపు చరిత్రకారునకు లోపముగా తోచవచ్చును. కళాకారునకు అది గొప్ప వరము. ఆ రాత్రి ఎన్ని స్వరములు తప్పినను, ఏ పాట మధ్యలో తడబడినను, అది ఆ గదిలోనే అణగిపోయెను. మరుసటి వారము మరల వాయించుటకు వారికి నిన్నటి తప్పు అడ్డురాలేదు.

చిన్న వేదిక ఇచ్చు మొదటి వరము తప్పుచేయు హక్కు. రెండవది తిరస్కారము నుండి కోలుకొను అవకాశము. లివర్‌పూల్ నగరములో కావెర్న్ క్లబ్బు కథ ఇందుకు దృష్టాంతము. సామానులు నిలువచేయు గిడ్డంగి క్రింది మాళిగలో 1957 జనవరిలో జాజ్ కొరకు తెరచిన క్లబ్బది. ఆ యేడు ఆగస్టులో జాన్ లెనన్ అను పదహారేండ్ల బాలుడు తన బృందముతో అచ్చట వాయించుచు, అనుమతింపబడిన జానపద ధోరణి పాటలు మాని రాక్ పాటలు మొదలుపెట్టెను. వెంటనే ఆ రాక్ పాటలను కట్టిపెట్టుమని యజమాని వేదికపైకి చీటి పంపెను. గురువు శిష్యుని చెవి మెలిపెట్టినట్లయ్యెను. అయినను తలుపు శాశ్వతముగా మూయబడలేదు. కాలముతోబాటు క్లబ్బు మారెను, బాలుడును మారెను. 1961 ఫిబ్రవరి 9న మధ్యాహ్నపు భోజనవేళ జరుగు కచేరిలో లెనన్ బృందము “బీటిల్స్” అను పేరుతో అచ్చట మొదటిసారి వాయించెను. 1963 ఆగస్టు వరకు ఇంచుమించు 290 పర్యాయములు ఆ మాళిగలో వారు వాయించిరి. లోకము ఒకనాడు హఠాత్తుగా వినినదనుకొన్న పాట వెనుక, అంతకుముందు ఆ చిన్న గదిలో గడచిన వందల పూటలున్నవి.

మూడవ వరము మరింత సూక్ష్మమైనది. చిన్న వేదిక తాను తలపెట్టనిదానికి సైతము చోటిచ్చును. మార్కీ, కావెర్న్ రెండును జాజ్ కొరకు పుట్టినవి. న్యూయార్కులో 1973 డిసెంబరులో హిల్లీ క్రిస్టల్ అను నతడు తెరచిన సీబీజీబీ అను క్లబ్బు పేరులోని అక్షరములు కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ అను గ్రామీణ సంగీతశాఖలకు సంకేతములు. ఆ సంగీతము వాయించువారు అతడు తలచినట్లు రాలేదు. చిరిగిన పంట్లాములు, తోలు కోట్లు తొడిగిన యువకులు వచ్చిరి. అతడు వారికి ముఖ్యముగా నొక నియమము పెట్టెను: వాయించునది సొంత పాట కావలెను. 1974 ఆగస్టు 16న రామోన్స్ అను బృందము అచ్చట మొదటిసారి వాయించెను. చిన్న చిన్న పాటలు, పరుగెత్తు లయ, పాటల నడుమ వేదికపైననే వాదులాట. పంక్ రాక్ అని పేరుపొందిన శాఖకు ఆ గది పుట్టినిల్లయ్యెను. పెద్ద సభామందిరము ముందుగా కార్యక్రమము అచ్చువేసి, దానికి తగినవారినే పిలుచును. చిన్న గదికి అంత ఠీవి లేదు. వచ్చినవానిని రానిచ్చును. అందుచేతనే క్రొత్తది దాని గడప మీదుగా లోకములోనికి వచ్చుచున్నది.

ఇంతకును తొలి కచేరిలో నేర్చుకొనునదేమి? ఇంట సాధన చేయునప్పుడు బృందము ఒకరివైపు ఒకరు తిరిగి వలయముగా నిలుచుందురు. కన్నుసైగతో పాట మొదలగును, కన్నుసైగతో ముగియును. వేదికపై అందరును శ్రోతలవైపు తిరుగవలసివచ్చును; ఆ సైగ తెగిపోవును. గాయకునకు తన గొంతు తనకు వినబడదు. వినబడలేదని మరింత బిగ్గరగా పాడును. మూడవ పాటకే గొంతు బొంగురుపోవును. గిటారు వాయించువాడు తన ధ్వని చాలదని మీట త్రిప్పును. అది చూచి బేస్ వాయించువాడును త్రిప్పును. కొంతసేపటికి మాట యొక్కటియు శ్రోతకు అందదు. మైకు స్పీకరునకు ఎదురుపడినచో స్పీకరు ధ్వనియే మరల మైకులో దూరి కీచుమని చెవులు చిల్లులుపొడుచును. జనము లేనప్పుడు సరిచూచుకొన్న ధ్వని జనము నిండిన పిదప మారిపోవును. మనుష్యుల దేహములును దుస్తులును ధ్వనిని పీల్చుకొనుటయే దీనికి హేతువు. గుండె వేగము హెచ్చిన డ్రమ్ముల వాద్యకుడు తనకు తెలియకయే లయను పరుగెత్తించును. ఇంట నాలుగు నిమిషములు పట్టిన పాట వేదికపై మూడున్నర నిమిషములకే ముగియును.

ఇవి గాక తీగ తెగుట యున్నది. తెగిన తీగను మార్చు రెండు నిమిషముల మౌనము తొలి కచేరిలో రెండు యుగములు. ఆ మౌనమును నాలుగు మాటలతో నింపగలిగిననాడు గాయకుడు శ్రోతలకు ఆప్తుడగును. ఏ పాట ముందు, ఏది వెనుక అన్న క్రమము కాగితముపై నొక విధముగను, జనము ముఖములు చూచిన పిదప వేరొక విధముగను తోచును. ఇవన్నియు పుస్తకమున దొరకు విద్యలు గావు. పెద్ద వేదికపై నేర్చుకొనదగిన విద్యలును గావు. ఇరువదివేల మంది యెదుట మైకు కీచుమన్నచో అది అపఖ్యాతి. యాభైమంది యెదుట కీచుమన్నచో నవ్వు. ఆ నవ్వు ధరకే విద్య దొరకు చోటు చిన్న క్లబ్బు.

చిన్న వేదిక చెవితో తూచును. అంగడి కంటితో తూచును. రోలింగ్ స్టోన్స్ కథలోనే దీనికి ఉదాహరణ యున్నది. తొలి రాత్రినుండి పియానో వాయించిన ఇయాన్ స్టూవర్ట్‌ను క్లబ్బులలో ఎవరును ఆక్షేపింపలేదు. 1963లో బృందమునకు మేనేజరుగా వచ్చిన ఆండ్రూ ఓల్డ్‌హామ్, ఆరుగురు ఎక్కువయనియు, స్టూవర్ట్ రూపము బృందమునకు నప్పదనియు ఎంచి అతనిని ప్రకటిత సభ్యులలోనుండి తొలగించెను. స్టూవర్ట్ కోపించి విడిచిపోలేదు. బృందము బండి తోలుచు, సామానులు మోయుచు, రికార్డులలో పియానో వాయించుచు 1985లో మరణించువరకు వారితోనే యుండెను. అంగడికి అక్కరలేని ముఖము, పాటకు మాత్రము చివరివరకు కావలసివచ్చెను. సంగీతమునకు అంగడి తప్పదు. అయితే అంగడికి ముందు, చెవి మాత్రమే తీర్పరి యగు చోటొకటి లేనిచో, స్టూవర్ట్ వంటివారు ఆదిలోనే నశింతురు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది, క్లబ్బులనగా రణగొణధ్వని, మద్యము, ఇరుగుపొరుగుల నిద్రాభంగము. ఈ ఆక్షేపణలో సత్యము కలదు. నిద్ర సంగీతముకంటె తక్కువ హక్కు గాదు. గోడలకు ధ్వనినివారణ, రాత్రి ముగింపు వేళ, ఈ రెండును క్లబ్బు బాధ్యతలు. కాని మరియొక న్యాయమును గలదు. ఇరువదియేండ్లుగా సంగీతము వినబడుచున్న గది ప్రక్కన క్రొత్తగా ఇండ్లు కట్టి, తరువాత ధ్వనియని ఫిర్యాదు చేసి, ఆ గదినే మూయించుట ఇంగ్లండులో తరచు జరుగుచుండెడిది. 2018లో అచ్చటి ప్రణాళికా నిబంధనలలో, మార్పు తెచ్చినవాడే దాని భారము మోయవలెనను సూత్రమును చేర్చిరి. అనగా ఉన్న క్లబ్బు ప్రక్కన ఇల్లు కట్టువాడే ధ్వని రాకుండ కట్టుకొనవలెను. ఇరుపక్షములకును సమ్మతమగు న్యాయమిది.

రెండవ ఆక్షేపణ నవీనమైనది. ఇంటిలోనే కంప్యూటరుపై పాట చేసి ఇంటర్నెట్టులో పెట్టినచో, ప్రపంచమంతయు వినుచుండగా యాభైమంది పట్టు గది యెందుకని కొందరందురు. ఇంటర్నెట్టు చేసిన మేలు కొట్టివేయదగినది గాదు. మారుమూల గ్రామమున నున్నవాని పాట ఖండాంతరములకు పోవుచున్నది. అయితే అచ్చట శ్రోత యొక అంకె. అంకెకు ముఖము లేదు. మూడవ పాటలో విసుగుతో ప్రక్కవానితో మాటలాడు శ్రోత, అయిదవ పాటకు మాట మాని తలయెత్తి చూచిన శ్రోత, ఆ తలయెత్తుటలో నున్న తీర్పు అంకెకు తెలియదు. పైగా తప్పుపడిన పాటను ఇంట పదిసార్లు దిద్దుకొనవచ్చును. కచేరిలో తప్పును దిద్దుటకు వీలులేదు, దాటుటకే వీలున్నది. దిద్దుట యొక విద్య, దాటుట వేరొక విద్య. రెండవ విద్య లేనివాడు వేదికపై నిలువలేడు.

ఈ నవీన కాలమే చిన్న గదికి వేరొక ముప్పు తెచ్చినది. నేడు తొలి కచేరి ప్రతి చేతిలోని ఫోనులోనికి ఎక్కును. తప్పిన స్వరము మరునాటికి ఊరంతయు తిరుగును. మార్కీ క్లబ్బులోని తొలి రాత్రికి కాలము ప్రసాదించిన మరపు నేటి పసిబృందమునకు లేదు. తప్పు శాశ్వతమైనచో తప్పునకు భయము హెచ్చును. భయపడినవాడు క్రొత్తది ప్రయత్నింపడు. నిన్న మెచ్చినదానినే నేడు పాడును. కనుక ఇతరుల తొలి కచేరికి పోయిన శ్రోత ఫోనును జేబులోనే యుంచుట మర్యాద మాత్రమే గాదు, సంగీతమునకు చేయు నిజమైన సేవ.

ఈ గదులు నేడు తరిగిపోవుచున్నవి. మాథ్యూ వీథిలోని మొదటి కావెర్న్ క్లబ్బు 1973లో మూతపడెను. సీబీజీబీ 2006 అక్టోబరులో చివరి కచేరితో ముగిసెను. బ్రిటనులో చిన్న సంగీతవేదికల రక్షణకై 2014లో ఏర్పడిన మ్యూజిక్ వెన్యూ ట్రస్టు లెక్కల ప్రకారము, 2023 ఒక్క యేటనే 125 చిన్న వేదికలు మూతపడుటయో, సంగీతమును మానుటయో జరిగెను. 2024లో మిగిలినవానిలో నూటికి 43కి పైగా నష్టముతో నడచెను. అద్దె, విద్యుత్తు, పన్నులు పెరిగినవి. కొన్నిచోట్ల ఈ భారము పసిబృందములపైననే పడుచున్నది. ఇన్ని టిక్కెట్లు మీరే యమ్మవలెను, లేనిచో వెల మీరే చెల్లింపుడని షరతు పెట్టు వేదికలు కలవు. విద్యార్థి గురువునకు దక్షిణ యిచ్చుట వేరు. పరీక్షలో కూర్చుండుటకు పందెము కట్టుట వేరు. ఈ పద్ధతిలో స్నేహితులెక్కువ గలవాడు గెలుచును, పాట యెక్కువ గలవాడు గాదు.

పరిష్కారము లేకపోలేదు. ఫ్రాన్సులో సంగీతప్రదర్శనల టిక్కెట్టు ధరపై నూటికి మూడున్నర వంతు పన్ను తీసికొని, దానిని తిరిగి సంగీతరంగమునకే వెచ్చించు ఏర్పాటు కలదు. బ్రిటనులో పెద్ద క్రీడామైదానములలో జరుగు కచేరీల టిక్కెట్టుపై కొంత మొత్తము చిన్న వేదికలకు చేర్చుమని 2024 నవంబరులో ప్రభుత్వము పరిశ్రమను కోరినది. ఇది దానధర్మము గాదు. మహాసభలో నేడు పాడువాడు నిన్న చిన్నగదిలో పెరిగినవాడు. పెంచిన ఋణము తీర్చుట న్యాయమే గదా!

తెలుగునాటను ఈ ప్రశ్న పరాయిది గాదు. హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలో కళాశాల యువకులు రాక్ బృందములు కట్టుట నేడు వింత గాదు. వారికి తొలి వేదిక తరచు కళాశాల ఉత్సవము. అచ్చట శ్రోత స్నేహితుడు. చప్పట్లు సగము పాటకు, సగము స్నేహమునకు. అది దాటినచో పబ్బులు, కాఫీ శాలలు. అచ్చట యజమాని సాధారణముగా కోరునది జనమెరిగిన సినిమా పాట. తమ మాటను తమ బాణీలో తెలుగున పాడదలచిన బృందమునకు, స్నేహము వలన గాక చెవి వలన తీర్పు చెప్పు గది దొరకుట దుర్లభము. 1961లో వెలసిన రవీంద్రభారతి వంటి మహామందిరములు తెలుగువారికి గర్వకారణములు. కాని పసివాడు ఏనుగునెక్కి స్వారి నేర్చుకొనజాలడు.

ఒకప్పుడు తెలుగువారికి చిన్న వేదికలు లేకపోలేదు. శ్రీరామనవమి పందిరి, దసరా పందిరి, గ్రంథాలయ వార్షికోత్సవము ఎందరు హరికథకులకు, బుర్రకథ దళములకు, నటులకు తొలి వేదికలైనవో! పందిరిలో శ్రోత మొగమాటము లేనివాడు. నచ్చనిచో లేచిపోవును, నచ్చినచో రేపును రమ్మనును. ఆ పందిరి ధర్మమును క్రొత్త సంగీతమునకు మరల కల్పించుట అసాధ్యము గాదు. జిల్లా గ్రంథాలయములోని సమావేశపు గది, కళాశాల ప్రాంగణములోని చిన్నశాల, వారమునకొక సాయంకాలము, స్వల్పమైన టిక్కెట్టు, మంచి మైకు, దానినెరిగి నడుపు నేర్పరి యొకడు, రాత్రి తొమ్మిదింటికి ముగింపు - ఇంతకంటె వలసినదేమియు లేదు. నియమము మాత్రము ఒకటి యుండవలెను: ప్రతి బృందమును కనీసము ఒక సొంత పాట వినిపింపవలెను.

బృందములకును కొన్ని ధర్మములు కలవు. ఇచ్చిన వేళ దాటకుండుట, తమ వంతు ముగిసిన పిదప వెడలిపోక తరువాతి బృందమును వినుట, తమ తప్పును మైకువానిపై వేయకుండుట, పదిమంది వచ్చినను నూరుమందికి వాయించినట్లే వాయించుట. శ్రోతకును ధర్మము కలదు. పేరు వినని బృందము కొరకు ఒక సాయంకాలము, ఒక టిక్కెట్టు ధర వెచ్చించి, చివరివరకు కూర్చుండుట. బాగున్నచో చప్పట్లు, బాగులేనిచో మౌనము. రెండును కళాకారునకు ఉపకారములే. ఉచితముగా దొరకిన మెప్పు కంటె, వెలపెట్టి వచ్చినవాని మౌనమే ఎక్కువ నేర్పును.

నారుమడి చిన్నది. దానిలో పండిన ధాన్యమును ఎవరును కొలువరు. కోతలనాడు దానిని తలచువారు లేరు. అయినను నారుమడిని అమ్ముకొని, కొడవండ్లు నూరుకొని పొలముగట్టున కూర్చున్న రైతును లోకము తెలివిగలవాడనదు. తొలి కచేరికి చోటిచ్చు చిన్న వేదిక సంగీతమునకు నారుమడి. అది పచ్చగా నున్నంతకాలమే పెద్ద పొలమునకు ఆశ.